ఎన్నాళ్లకి కావాలండీ?

కోళ్ల గూటికి ఏ జాలీ వేయాలన్నది ఒక వ్యాసానికి తగిన విషయమేనా అని నాకే అనుమానంగా ఉంది. పుస్తకాల గురించీ, ఛందస్సు గురించీ ముచ్చటించుకొనే మిత్రుల మధ్య ఇనుప తీగల గేజిలు ఏకరువు పెడుతున్నానని మీరు నవ్వుకోవచ్చు. అయినా 2023 నుంచీ ఈ సంగతి మనసులో ఒక మూల ములుకులా ఉండిపోయింది. వ్రాసేస్తే కాస్త నెమ్మదిస్తుందేమోనని ఆశ. కొత్తగా గూడు కట్టుకొనేవారెవరైనా ఉంటే వారికి కొంత ఉపయోగపడినా పడవచ్చు.

మా ఊరు కోనసీమలో ఉంది. సముద్రం నాలుగైదు మైళ్లు. ఇంటి వెనుక కొబ్బరితోట, తోట చివర పంటకాలువ, కాలువ గట్టున తుంగ, జమ్ము. నాన్నగారు 2020లో పోయారు. నేను హైదరాబాదులో, చెల్లెలు బెంగుళూరులో. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే, ఇరవైదాకా కోళ్లతో. వాటిలో నాటుకోళ్లే ఎక్కువ. పశువైద్యశాలవారి ద్వారా తెచ్చుకొన్న వనరాజా కోళ్లు నాలుగు. అది రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకానికని తయారుచేసిన జాతి. మా వైపు పందెం పుంజులను ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పింగళి అని పిలుస్తారు కదా, అమ్మ ఆ పేర్లే పెట్టలకూ పెట్టింది. ఫోనులో "నెమలి పొదుగు కూర్చుందిరా" అంటే మొదట్లో నా భార్యకు అర్థమయ్యేది కాదు.

నాన్నగారు కట్టిన పాత గూడు మట్టిగోడలది, పైన పెంకు. ముందు ఒక చిన్న చెక్క తలుపు, దానికి అడ్డంగా రోకలి. కిటికీ లేదు, జాలీ లేదు. గాలి ఆడదని ఇప్పటివారు తప్పుపడతారు గాని ముప్పై ఏళ్లు ఆ గూట్లో కోడి పోయిందన్న మాట నేను వినలేదు. 2020 అక్టోబరులో వాయుగుండం తెచ్చిన వానలకు ఆ గోడలు నాని కూలాయి. కొన్నాళ్లు కోళ్లు వసారాలో గంపల కింద పడుకొన్నాయి. 2021లో నేను రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి, సరుగుడు రాటలు పాతించి, పైన రేకు వేయించి, చుట్టూ జాలీ కొట్టిద్దామని అమ్మతో కలిసి అమలాపురంలో ఒక ఇనుప కొట్టుకు వెళ్లాను.

కొట్టాయన పెద్దవాడు. కళ్లజోడు నుదుటిమీదికి జరుపుకొని, "ఎన్నాళ్లకి కావాలండీ?" అని అడిగాడు.

"రెండేళ్లు ఆగితే చాలండీ," అన్నాను.

అమ్మ పక్కనే, వేలాడదీసిన కొబ్బరిపీచు మోకులను చేత్తో తడిమి చూస్తోంది. విన్నదో లేదో నేను గమనించలేదు. ఆ రెండేళ్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, నేనూ చెల్లెలూ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చాము. నాన్నగారి రెండో సంవత్సరీకం కాగానే అమ్మను హైదరాబాదు తీసుకుపోవాలని. ఆ మాట అమ్మతో ఇంకా అనలేదు. కోళ్లు ఉన్నంతకాలం ఆవిడ కదలదని ఇద్దరికీ తెలుసు. పోయేవాటికి గట్టి ఇల్లెందుకని అనుకొన్నానా? అప్పుడు నన్నడిగితే కాదనే చెప్పేవాణ్ణి. ధర తక్కువనీ, తేలికనీ, అందరూ అదే వాడుతున్నారనీ చెప్పేవాణ్ణి.

కొట్టాయన లోపలినుంచి ఒక చుట్ట తెచ్చి పడేశాడు. ఆరు మూలల కన్నుల కోళ్ల జాలీ, 22 గేజి. చంకలో పెట్టుకొని ఆటో ఎక్కేశాను. అంత తేలికగా ఉన్నప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

ఈ ఆరు మూలల జాలీకి ఒక చిన్న చరిత్ర ఉంది. 1844లో ఇంగ్లండులోని నారిచ్ పట్టణంలో చార్లెస్ బర్నార్డ్ అనే ఇనుప వ్యాపారి, బట్టలు నేసే యంత్రాల పద్ధతిని చూసి, తీగను అలా పురిపెట్టి అల్లే యంత్రం తయారుచేశాడంటారు. అంటే పుట్టుకలోనే అది గుడ్డ. గుడ్డ చేసే పనే చేస్తుంది. లోపలున్నదాన్ని బయటికి పోకుండా ఆపుతుంది. బయటినుంచి లోనికి రావాలని నిశ్చయించుకొన్నదాన్ని ఆపదు. కోళ్ల జాలీ అన్న పేరే మనల్ని మోసం చేస్తుంది. అది కోళ్లకు సరిపడే జాలీయే, కుక్కలకు సరిపడేది కాదు.

ఇక గేజి సంగతి. అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుందన్నది కొత్తవారిని తికమక పెట్టే విషయం. పూర్వం తీగను ఒకదానికంటే ఒకటి చిన్నవైన కన్నులలోంచి లాగి సాగదీసేవారు. ఎన్నిసార్లు లాగితే అంత అంకె, అంత సన్నం. 22 గేజి తీగ మందం 0.7 మిల్లీమీటరు. 16 గేజి అయితే 1.6. చూపుకు పెద్ద తేడా కనిపించదు. కాని తీగలో ఉన్న ఇనుము మందాన్ని బట్టి కాక మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 16లో 22 కంటే అయిదు రెట్లకు పైగా ఇనుము ఉంటుంది. ఈ లెక్క నేను బడిలో చదువుకొన్నదే. కొట్టులో నిలబడ్డప్పుడు జ్ఞాపకం రాలేదు.

మొదటి ఏడు ఏమీ కాలేదు. 2022 చలికాలంలో ఒకనాడు అమ్మ ఫోను చేసి, జాలీకి ఆనుకొని పడుకొన్న ఒక పెట్ట తెల్లవారేసరికి రెక్క ఊడి చచ్చిపడి ఉందని చెప్పింది. జాలీ ఎక్కడా చిరగలేదు. "పిల్లి చెయ్యి పెట్టి లాగిందిరా, లోపలికి రాలేక కంతలోంచి దొరికినంత లాక్కుపోయింది," అంది. గోనెపట్టాలు కట్టమన్నాను. కట్టింది. నేను మరిచిపోయాను.

వచ్చినవాడెవడో చచ్చిన కోడిని చూసి చెప్పగలగడం అమ్మకు ఎవరు నేర్పారో తెలియదు. ఆవిడ దగ్గర నేను నేర్చుకొన్నంతలో చెబుతాను. కోడి మొత్తం మాయమై ఒక్క చోట మాత్రం ఈకలు రాలి ఉంటే అది పిల్లి జాతి. ఇంటిపిల్లి పిల్లలతోనే సరిపెట్టుకొంటుంది. పెద్ద పెట్టను మోసుకుపోయిందంటే జంగుపిల్లి. కాలువల వెంట తిరిగే బావురుపిల్లి కూడా అప్పుడప్పుడు వస్తుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులలో ఉన్నదే ఇది, చేపలు దొరకనప్పుడు కోడిని కాదనదు. మెడ మీద, తల వెనుక చిన్న గాట్లతో రెండు మూడు కోళ్లు పడి ఉంటే ముంగిస. అది రక్తం తాగి వదిలేస్తుందని మా ఊళ్లో అంటారు. నిజానికి తాగడం కాదు, కంగారులో దొరికినవాటినన్నిటినీ కొరుకుతుంది, మోయగలిగింది మోస్తుంది. గుడ్లు పెంకు కూడా మిగలకుండా పోతే పాము. కోడిపిల్ల తడిసి, తల సాగినట్టయి చచ్చిపడి ఉంటే అది కూడా పామే, మింగబోయి మింగలేక కక్కినది. గుడ్డు పెంకులు కొరికి చిందరవందరగా ఉండి, గూటి మూల మట్టి తోడి ఉంటే పందికొక్కు. పట్టపగలు పిల్ల ఎగిరిపోతే గద్ద. ఇక ఎక్కడి కోడి అక్కడే, ఒక్కటీ తినకుండా, అన్నీ చచ్చి ఉంటే కుక్కలు. ఆకలితో వచ్చినవాడు ఒకదానితో వెళ్లిపోతాడు, ఆటకు వచ్చినవాడే అన్నిటినీ చంపుతాడని అమ్మ అనేది.

2023 నిజశ్రావణంలో అదే జరిగింది. రాత్రంతా వాన. రేకుల మీద చప్పుడులో అమ్మకేమీ వినపడలేదు. తెల్లవారి తలుపు తీస్తే పదిహేడు కోళ్లు. నెమలిపెట్ట పొదుగు మీదనుంచి లేవకుండానే చచ్చిపోయింది, కింద తొమ్మిది గుడ్లు. నాకు ఫోను రెండు రోజుల తర్వాత వచ్చింది. ఎందుకు వెంటనే చెప్పలేదంటే, "వారం మధ్యలో నువ్వేం చేస్తావు," అంది. ఆ శనివారం వెళ్లాను.

జాలీకి కింద ఒక అడుగు మేర లోపలికి తోసుకుపోయి ఉంది. చేత్తో పట్టుకొంటే తీగ నలిగి ఎర్రటి పొడిగా రాలింది. మీదిభాగం ఇంకా వెండిలా మెరుస్తూనే ఉంది. జీఐ జాలీ అంటే ఇనుము మీద తుత్తునాగపు పూత. పూత ఉన్నంతకాలం తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. సన్న తీగకు పూత కూడా పలుచనే. దానికి తోడు మా ఊరి ఉప్పుగాలి, ఎప్పుడూ తడిగా ఉండే నేల, కోళ్ల పెంట. పెంటలోంచి వచ్చే అమ్మోనియా తుత్తునాగాన్ని తినేస్తుంది. నేను పైపైన చూసి ఇంకా కొత్తగానే ఉందని మురిసిపోయిన జాలీ, కోళ్లు పడుకొనేచోట, కుక్క మూతి ఆనేచోట ఎప్పుడో లేకుండాపోయింది.

దారి పొడుగునా ఒక మాట కూర్చుకొని వెళ్లాను. "ఇంక చాలమ్మా, ఎవరికోసం ఈ అవస్థ, నాతో వచ్చేయి," అని. ఆ తుప్పు పొడి చేతిలో ఉండగా అమ్మ నా వెనకనుంచి వచ్చి నిలబడింది.

"కొట్టాయన మాట తప్పలేదురా. నువ్వడిగినట్టే రెండేళ్లు ఆగింది," అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. నేను కూర్చుకొన్న మాట నోటిలోనే ఉండిపోయింది. మిగిలిన మూడు కోళ్లూ ఆ రాత్రి గూట్లోకి రాకుండా జామచెట్టెక్కి పడుకొన్నాయి. వాటిని చూసి, "వీటికే తెలివి ఉంది," అంది అమ్మ. ఇద్దరమూ నవ్వాము.

ఊరివాళ్ల సలహాలకు కొదవ లేదు. ఇంటి కరెంటు తీగకు తగిలించి రాత్రిపూట వదిలేయమన్నాడొకాయన. అడవిపందుల కోసం పొలాల చుట్టూ అలా తీగలు లాగి, వాటికే తగిలి చచ్చిపోయిన రైతుల వార్తలు రెండు రాష్ట్రాలలోనూ ఏటా చదువుతూనే ఉన్నాము. సోలారు కంచెలో షాకు ఉంటుంది గాని అది సెకనుకొకసారి వచ్చి పోయే కొద్దిపాటి విసురు, మనిషి చెయ్యి విడిపించుకోగలడు. ఇంట్లో 230 వోల్టులు పట్టుకొంటే విడవదు. కోళ్ల పేగులలో గుళికల మందు పెట్టి పారేయమన్నవారూ ఉన్నారు. ముంగిసనూ జంగుపిల్లినీ చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్నది ఒక ఎత్తు. ఆ పేగులు ముందు తినేది ఎవరి పెంపుడు కుక్కో కదా.

నైలాను వల చాలు, చవక అని ఇంకొకరన్నారు. వల సంగతి మా ఇంట్లో అనుభవమే. గద్దల బెడదకు నాన్నగారు ఒకప్పుడు పాత చేపల వల ఒకటి పందిరిలా కట్టించారు. దాని అంచు నేలమీద కుచ్చులుగా పడి ఉండేది. ఒకనాటి ఉదయం అందులో ఒక పొడవాటి జెర్రిపోతు, ముందుకు పోలేక, పొలుసులు అడ్డుపడి వెనక్కి రాలేక, మెలికలు తిరిగి చిక్కుకొంది. పొరుగువాళ్లు కర్రలు తెచ్చారు. అమ్మ వద్దంది. "ఎలకల్ని తినేది అదే, రెండు గుడ్లు తిన్నా దాని కూలి దానికి పోనివ్వండి," అని, తల మీద గోనెసంచి తడిపి వేయించి, కత్తెరతో ఒక్కొక్క ముడీ కత్తిరించింది. గంటసేపు పట్టింది. జెర్రిపోతుకు విషం లేదు గాని కరిస్తే రక్తం వస్తుంది. అమ్మకు కరవకుండానే వెళ్లిపోయింది. వల మళ్లీ కట్టలేదు.

అందుచేత ఈసారి ముందు కాగితం మీద, ఎవరెవరిని ఆపాలో వ్రాసుకొన్నాను. కుక్కకు బలం ఉంది, పిల్లికి చేయి ఉంది, ముంగిసకు సన్నని ఒళ్లు ఉంది, పందికొక్కుకు గోళ్లు ఉన్నాయి. ఒకే జాలీ నలుగురికీ చాలదు. తోటలకు వేసే చైన్ లింకు కుక్కను ఆపుతుంది, కాని దాని రెండంగుళాల కంతలోంచి ముంగిస నిక్షేపంగా దూరిపోతుంది. ముళ్లతీగ ఆవులకు. చతురస్రపు కన్నులు అతికించిన వెల్డెడ్ మెష్ అంగుళం కన్నుది, 16 గేజి అయితే కుక్క పళ్లకు లొంగదు. కాని అంగుళంలోంచి పిల్లి చెయ్యి దూరుతుందన్నది 2022లోనే చూశాము. కాబట్టి కోళ్లు కూర్చొనే ఎత్తు వరకూ అర అంగుళం కన్ను, 19 గేజి. దానిపైన అంగుళం కన్ను, 16 గేజి. పైన ఎలాగూ రేకు ఉంది. రేకు మడతల కింద మిగిలే సందులలో సిమెంటు.

వెల్డెడ్ మెష్‌లో రెండు రకాలున్నాయని కూడా అప్పుడే తెలిసింది. పూత వేసిన తీగలను తెచ్చి అతికించేది ఒకటి, నల్ల తీగలను అతికించాక మొత్తాన్ని కరిగిన తుత్తునాగంలో ముంచేది ఒకటి. మొదటిదానిలో అతుకు వేసిన ప్రతిచోటా పూత మాడిపోతుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది. రెండోదాన్ని గుర్తుపట్టడం సులువు. మెరుపు తక్కువ, అతుకుల దగ్గర మైనపు బొట్టులా పూత గడ్డకట్టి ఉంటుంది. నున్నగా తళతళలాడేది చూసి మోసపోవద్దు. నేను ఒకసారి పోయాను.

నేలలోకి రెండడుగులు పాతమని పుస్తకాలు చెబుతాయి. మా కోనసీమలో వర్షాకాలం రెండడుగులు తవ్వితే నీళ్లు. అందుకని నిలువునా పాతకుండా, అడుగు భాగాన్ని గూటి బయటివైపుకు అడ్డంగా మడిచి, మూడంగుళాల మట్టి కింద పరిచాము. నాలుగడుగుల వెడల్పు చుట్టలో రెండున్నర అడుగులు గోడకు, అడుగున్నర నేలకు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది. అడుగున్నర వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలన్న ఆలోచన దానికి రాదట.

కొట్టుకు మళ్లీ వెళ్లాము, నేనూ అమ్మా. అదే కొట్టు, అదే పెద్దాయన. కళ్లజోడు నుదుటిమీదికి జరిపి, అదే ప్రశ్న. "ఎన్నాళ్లకి కావాలండీ?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది. "మీ దగ్గర ఎన్నాళ్లది ఉంటే అన్నాళ్లది ఇవ్వండి."

ఆయన నవ్వి, "అయితే నాకంటే ఎక్కువే ఉంటుందండమ్మా," అంటూ లోపలికి వెళ్లాడు. రెండు చుట్టలూ కలిపి ముప్పై కిలోల దాకా తూగాయి. ఈసారి చంకలో పట్టలేదు. ఖర్చు ఎంతయిందో చెల్లెలికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత సగం తాను పంపింది.

మేస్త్రీ ఒకాయన, నేను, రోజున్నర పని. పాతది ఊడదీయడానికి పావుగంట పట్టలేదు. కొత్తదాన్ని కత్తిరించడానికి కటింగ్ ప్లేయరుతో నా అరచేతులు బొబ్బలెక్కాయి. మేకులకు బదులు పట్టీలు వేసి స్క్రూలు బిగించాము. ఎంత గట్టి జాలీ అయినా దాన్ని పట్టి ఉంచే మేకు ఊడితే తలుపు తెరిచినట్టే. సాయంత్రం అమ్మ వచ్చి గూటి చుట్టూ తిరిగి, ప్రతి మూలా తన చిటికెన వేలు దూర్చి చూసింది. ఒకచోట దూరింది. మేస్త్రీ గొణుక్కుంటూ మళ్లీ కట్టాడు.

ఆ తర్వాత ఏమీ పోలేదని చెబితే అబద్ధం. ఒక పెట్టను పగలు తోటలో కుక్క పట్టుకొంది. దానికి జాలీ ఏమి చేస్తుంది? 2024 వేసవిలో వరసగా రెండు రోజులు గుడ్లు మాయమయ్యాయి, పెంకు కూడా లేకుండా. వెతగ్గా వెతగ్గా తలుపు కింద రెండు వేళ్ల సందు కనిపించింది. అంత ఇనుమూ కొని, తలుపు కొలత తప్పాను. ఒక చెక్కపట్టీ కొట్టాక అదీ ఆగింది. గూట్లో ఇప్పుడు మళ్లీ పద్నాలుగు ఉన్నాయి. జామచెట్టెక్కిన ఆ మూడింటి సంతతే ఎక్కువ.

హైదరాబాదు మాట నేను మళ్లీ ఎత్తలేదు. వేసవిలో పదిహేను రోజులు వచ్చి ఉంటోంది. ఆ పదిహేను రోజులూ పక్కింటి పిన్ని సాయంత్రం గూడు మూసి ఫోను చేస్తుంది, అమ్మ లెక్క అడుగుతుంది.

అర అంగుళం జాలీలో ఒక గజం ముక్క మిగిలింది. మరమ్మతుకు పనికొస్తుందని అటక మీద దాచి వచ్చాను. మొన్న వెళ్లినప్పుడు చూస్తే అక్కడ లేదు. నాలుగు అంచులూ మడిచి, డాబామీద బూడిదగుమ్మడి వడియాలకు మూతగా బోర్లించి ఉంది.

"కాకి ముక్కు కూడా పట్టట్లేదురా, భలే జాలీ తెచ్చావు," అంది అమ్మ.